వెట్టి ఆగినాక ఇల్లు: గడిని అతిథిగృహంగా మార్చే పని గురించి

(హనుమకొండలో గడుల యజమానులు, ఇంజనీర్లు, ఆర్కిటెక్చర్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి లిఖితరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో గడులున్న కుటుంబాల వాళ్లు కూర్చున్నారు, వెనుక పిల్లలున్నారు. గోడవారగా నిలబడ్డ మేస్త్రీలు కూడా ముందుకొచ్చి కూర్చోండి. ఈ పూట మాట్లాడేది ఎక్కువగా మీ పని గురించే.

గడి అంటే ఊరి దొర ఇల్లు. మూడడుగుల మందం గోడలు, బర్మా టేకు దూలాలు, గానుగలో నూరిన డంగు సున్నం. వందేళ్లు, నూటయాభై ఏళ్లు నిలబడ్డ ఇళ్లు ఇరవై ముప్పై ఏళ్లలో ఎట్లా నేలమట్టమయ్యాయి? ఎవరినడిగినా రెండు జవాబులు చెబుతారు. దొరల మీద లేచిన ఉద్యమం అని ఒకటి, పాలోళ్ల (దాయాదుల) తగాదా అని ఇంకొకటి. రెంటిలోనూ నిజముంది. కానీ పేల్చేసిన గడులు కొన్నే. మిగతావన్నీ కారి కారి పోయాయి. కప్పు కారింది, దూలం చివర కుళ్లింది, గోడ తడిసి కూర్చుంది. ఏటా మృగశిర కంటే ముందు కప్పెక్కే మనిషి రావడం మానేశాడు, అంతే. ఆ మనిషికి ఏనాడూ కూలి ముట్టలేదు. వెట్టి మీద నడిచిన ఇల్లు వెట్టి ఆగగానే కారడం మొదలుపెట్టింది. ఇప్పుడు మీరు దాన్ని అతిథిగృహం చేస్తామంటున్నారు. అప్పట్లో ఉచితంగా జరిగిన ఆ పనంతా ఇక మీదట మీ ఖర్చుల పద్దులోకి వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా ఈ లెక్క ఎట్లా వేయాలన్న వివరం.

ముందు ఇంటి చరిత్ర కొంచెం చూద్దాం. చరిత్ర తెలియకపోతే ఏ గోడ మీద మేకు కొట్టొచ్చో కూడా తెలియదు.

గడి మొదట్లో చిన్న కోట. ఊళ్లో ఎత్తైన జాగాలో మట్టి ప్రహరీ, మూలలకు బురుజులు, పైన గూనపెంక, అంటే సగం గొట్టంలా వంగిన మట్టి పెంక. అందులో ఉండే దేశ్‌ముఖ్ వంశపారంపర్యంగా శిస్తు వసూలు చేసే వతన్‌దారు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ, అంటే జిల్లాల పాలన తెచ్చి వసూలు పనిని సర్కారు ఉద్యోగులకు అప్పగించాడు. దేశ్‌ముఖ్‌లకు పరిహారంగా ఏటా రుసుం కట్టించాడు. తర్వాత భూముల సర్వే జరిగినప్పుడు ఊళ్లో మంచి భూములు చాలామటుకు వాళ్ల పేర్ల మీదికే ఎక్కాయి. వసూలుదారు భూస్వామి అయ్యాడు, ఇల్లు కూడా మారింది. 1886లో వరంగల్‌కు రైలొచ్చింది. దాంతో ఇనుప గర్డర్లు, షాబాద్ బండలు, మంగళూరు పెంకలు, రంగు అద్దాలు స్టేషన్ దాకా రైల్లో, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద ఊళ్లకు చేరాయి. కోటలాంటి ఇంటి ముందర కమానులు, గుండ్రటి స్తంభాలు, పోత ఇనుప కటకటాలతో బంగ్లా లేచింది.

అందుకే చాలా గడుల్లో ఒకే కప్పు కింద రెండు ఇళ్లుంటాయి. వెనుక భాగం మట్టి, రాయి, గూన. ముందు భాగం ఇటుక, సున్నం, గర్డరు. రెండింటి జబ్బులు వేరు, మందులు వేరు. ఏ భాగం ఏ కాలానిదో పోల్చుకోవడం కష్టమేమీ కాదు. దూలం మీద బాడిశ దెబ్బలు అలలు అలలుగా కనిపిస్తే పాతది, రంపం గీతలు నిటారుగా, సమాన దూరంలో ఉంటే మిల్లు కోత. మేకు నలుచదరంగా ఉంటే కమ్మరి కొట్టింది, గుండ్రంగా ఉంటే ఫ్యాక్టరీది. గర్డరు నడుం మీద రంగు గీకి చూడండి, తయారుచేసిన కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో కనిపించొచ్చు. ఈ పరిశీలనకు ఒక వారం, ఒక నోటుబుక్కు, ఒక టార్చిలైటు చాలు. పిల్లలూ, కంప్యూటర్లో బొమ్మలు గీయడం దీని తర్వాతి పని.

ఇక నడక. పెద్ద దర్వాజ దాటితే దేవిడీ. కాపలావాళ్లు కూర్చునే చోటు, రెండు పక్కలా అరుగులు. తర్వాత కచీరు, అంటే దొర కూర్చుని పంచాయితీ చెప్పే జాగా. ఊరివాళ్లలో ఎక్కువమంది చూసిన గడి అక్కడితో సరి. లోపల ఇంకో వాకిలి, దాని చుట్టూ ఆడవాళ్లుండే అర్రలు. ఆ వెనుక వంటిల్లు, వడ్ల గరిసెలు, పశువుల కొట్టం, చేదబావి, బావి పక్కన జాలారి, అంటే స్నానాలు చేసే, గిన్నెలు కడిగే చోటు. చిట్టచివర దిడ్డి దర్వాజ. పనికొచ్చే వాళ్ల దారి అది.

ఇప్పుడు ఈ పటంలో నీళ్ల దారి ఎక్కడుందో వెతకండి. బావి వెనుక, స్నానం వెనుక, బట్టలుతకడం, గిన్నెలు కడగడం అన్నీ వెనుక. మేడ మీద నీటి బొట్టు పడేది చెంబు ఒలికినప్పుడే. గోడల్లో పైపు లేదు, నేల కింద మోరీ లేదు. అక్కర్లేకపోయింది కూడా, ఎందుకంటే నీళ్లు మనుషుల భుజాల మీద వచ్చేవి. నీళ్లు మోయడం, బట్టలుతకడం, పంకా లాగడం, దివిటీ పట్టడం, వడ్లు దంచడం, కట్టెలు కొట్టడం, కుండలివ్వడం, కబురు మోయడం... ఒక్కో పని ఒక్కో కులం మీద రాసిపెట్టిన వెట్టి. నేటి హోటల్ భాషలో చెప్పాలంటే ప్లంబింగు, లాండ్రీ, ఫ్యాను, కరెంటు, కిచెన్, రిసెప్షన్. గడిని హోటల్ చేస్తే ఏమేం పెట్టాలో రాసుకోమంటే వెట్టి జాబితా ముందు పెట్టుకోండి, ఒక్కటీ తప్పిపోదు.

ఇంటి మరమ్మతు కూడా ఆ జాబితాలోదే. ఎండాకాలంలో గూన సర్దడం: మొత్తం పెంక దించి, పగిలినవి ఏరి, కింది వాసాలు, చువ్వలు చూసి మళ్లీ పరచడం. మిద్దె భాగం మీద మొలిచిన రావి మొక్కలు వేళ్లతో సహా పీకడం, నీళ్లు దిగే తూములు శుభ్రం చేయడం. పండగకు సున్నం కొట్టడం. ఇది అందం కోసమే అనుకుంటారు. పలచటి సున్నపు నీళ్లు వెంట్రుక మందం పగుళ్లలోకి దిగి అక్కడే గట్టిపడి వాటిని మూసేస్తాయి. ఏటా కొట్టే సున్నం ఆ గోడకు ఏటా వేసే మందు. తలుపులకు నూనె, నేలకు అలుకు సరేసరి. వంటింటి పొగ కూడా దూలాలకు పురుగు పట్టకుండా కాసింది.

1946 జూలై 4న కడవెండిలో దొరను ఎదిరించిన దొడ్డి కొమరయ్య మీద తుపాకులు పేలాయి. అప్పటి నుంచి 1951 దాకా సాయుధ పోరాటం. మధ్యలో 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు. ఈ దశలో కొందరు దొరలు పట్నం వెళ్లి మళ్లీ వచ్చారు. గడులు కొంత తేరుకున్నాయి. ఉత్తర తెలంగాణలో రెండో దెబ్బ గట్టిది. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఊళ్లు దొరలకు చాకలిని, మంగలిని, పాలేరును బంద్ చేశాయి. నీళ్లు మోసేవాళ్లు లేని గడిలో నాలుగు రోజులుండటం కూడా కష్టమే కదా. తాళాలు పడ్డాయి. కొన్ని బడులయ్యాయి, కొన్ని హాస్టళ్లు, కొన్ని పోలీసు క్యాంపులు. ఖాళీగా ఉన్నవాటికంటే బడి నడిచిన గడులే ఎక్కువ నిలబడ్డాయి. కనీసం కప్పు కారితే చూసేవాళ్లున్నారు.

లెక్కకు వద్దాం. మూడువేల చదరపుటడుగుల గూన కప్పు అనుకోండి. ఇద్దరు తెలిసిన వాళ్లు, నలుగురు అందించేవాళ్లు పది రోజులు చేస్తే సర్దుడు పూర్తవుతుంది. 60 పని దినాలు. సున్నం కొట్టడానికి ఇంకో 50, మిద్దె, తూములు, మోరీలకు 20, తలుపులు, కిటికీలకు 20. మొత్తం 150 దాకా వచ్చింది. ఇది ఉజ్జాయింపే, మీ ఇంటి కొలతలతో మీరు వేసుకోండి. కానీ ప్రాజెక్టు రిపోర్టులో ఈ పద్దు సున్నాగా చూపించి బ్యాంకుకు పోయిన వాళ్లు మూడో వానాకాలానికి తలపట్టుకుంటారు.

గడులను, కోటలను బాగుచేయడం సాధ్యమేనా అంటే, సాధ్యమే. రాజస్థాన్‌లో నీమ్రానా కోటను 1986లో శిథిలంగా కొని, 1991లో హోటల్‌గా తెరిచారు. మన హైదరాబాద్ ఫలక్‌నుమాకు మరమ్మతులు పదేళ్లు పట్టి 2010 నవంబరులో హోటలైంది, 60 గదులు. మనకు దగ్గరగా కామారెడ్డి జిల్లా దోమకొండ కోట ఉంది. ఆ సంరక్షణ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. మేస్త్రీలు ఒకసారి పోయి అక్కడి సున్నపు పని ముట్టుకుని చూడండి. ఫలక్‌నుమా రాజభవనం, మన గడులకు అది కొలబద్ద కాదు. మనం ఆరు గదులు, ఎనిమిది గదుల సంగతి మాట్లాడుతున్నాం. రామప్పకు 2021 జూలైలో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక ఈ వైపు రాత్రి బస చేసే యాత్రికుల కోసం ఆలోచన మొదలైంది. మంచిదే. కేంద్ర పర్యాటక శాఖ హెరిటేజ్ హోటల్ వర్గీకరణకు 1950 కంటే ముందు కట్టిన ఇల్లు, కనీసం 5 గదులు, 10 పడకలు కావాలి. యజమాని కుటుంబం అక్కడే ఉంటే 6 గదుల వరకు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం సరిపోతుంది. చిన్న గడులకు రెండోదే నయం.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి? వానాకాలంలో. పని చేయడానికి కాదు, చూడటానికి. ఒక వాన మొత్తం ఇంట్లో ఉండి ఎక్కడ కారుతోందో, ఎటు పారుతోందో, ఏ గోడ ఎంత ఎత్తు వరకు తడుస్తోందో సుద్దతో గీత గీసి తేదీ రాయండి. ఎండాకాలంలో కాంట్రాక్టరును తీసుకొస్తే అంతా పొడిగా, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది, అంచనా సగానికి సగం తప్పుతుంది.

ఈ పరిశీలనలో దాదాపు ప్రతి గడిలో దొరికే తప్పు ఒకటుంది. బయట సీసీ రోడ్డు. ఊళ్లో రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే ఇంకో పొర పోస్తారు. నాలుగుసార్లకు రోడ్డు రెండడుగులు లేస్తుంది. ఒకప్పుడు మెట్లెక్కి పోయే దేవిడీలోకి ఇప్పుడు దిగి పోతున్నాం. ఊరి వాననీరంతా గడిలోకే. ఇది సరిచేయకుండా గోడకు ఏ మందు పూసినా దండగ. ప్రహరీ లోపల చుట్టూ మూడడుగుల వెడల్పున పూడిన మట్టి తీసి, పునాది రాయి బయటపడే దాకా దించి, కంకర నింపి, ఇంటి నుంచి బయటికి వాలు పెట్టి మోరీ కట్టండి. చుట్టూ సిమెంటు ప్లాట్‌ఫారం మాత్రం పోయొద్దు. నేలలోంచి ఆవిరిగా పోవలసిన తేమ దారి లేక గోడెక్కుతుంది.

తర్వాత కప్పు. గూన భాగం మీకు తెలిసిందే, అందులో కొత్త శత్రువు కోతి ఒక్కటే. నవ్వకండి. ఈ పదేళ్లలో వానకంటే కోతులు ఎక్కువ గూన పగలగొట్టాయి. పాత ఆకారం వదలకుండా పెంక కింద చెక్క పలకలు, వాటి మీద నీరు దిగని పొర, దాని మీద బద్దెలు, ఆపైన గూన వేస్తే పెంక పగిలినా గది తడవదు. పెంక మీద అంగుళం కన్నం వైరు మెష్ పరిచి చూరుకు బిగిస్తే కోతి చేతికి పెంక అందదు.

మిద్దె భాగం అంటే మద్రాసు టెర్రస్. టేకు దంతెలు (సన్న దూలాలు) అడుగు నుంచి అడుగున్నర దూరంలో, వాటి మీద సన్న ఇటుకలు అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చినవి, దాని పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు మూడు నాలుగు అంగుళాలు, ఆపైన పలక పెంకలు. ఆ కాంక్రీటును కర్ర సుత్తులతో రోజుల తరబడి కొట్టేవాళ్లు, కరక్కాయ బెల్లం నీళ్లు చల్లుతూ. సుత్తి ఎగిరి వెనక్కి వచ్చేదాకా కొట్టాలనేది మేస్త్రీల మాట. ఇది కారడం మొదలుపెడితే మనవాళ్లు ఏం చేస్తారు? పైన నాలుగంగుళాల సిమెంటు కాంక్రీటు పోస్తారు. నాలుగంగుళాలంటే చదరపు మీటరుకు 240 కిలోలు. ఆ కప్పు మోయాల్సిన మనుషుల బరువుకంటే ఎక్కువ బరువు శాశ్వతంగా ఎత్తిపెట్టినట్టు. పైగా కింద చేరిన నీరు బయటికి రాదు. దంతె నానుతుంది. రెండేళ్లు పైన పొడిగా కనిపించి, మూడో ఏడు కింద సున్నం పెచ్చులతో పాటు ఇటుక రాలుతుంది.

దంతె ఆరోగ్యం మధ్యలో చూస్తే తెలియదు. గోడలోకి దూరిన చివరే మొదట కుళ్లుతుంది. గోడ మొదలు దగ్గర సుత్తితో కొట్టండి, గలగలమంటే బాగుంది, దబదబమంటే అనుమానం. అనుమానమున్న చోట సన్నని బరమతో రంధ్రం వేస్తే పొట్టు రంగు చెబుతుంది. పొడిగా, నూనె వాసనతో వస్తే మంచిది. నల్లగా, తడి పిండిలా వస్తే ఆ చివర పోయింది. అట్లాగని దంతె మొత్తం మార్చనక్కర్లేదు. కింద పోట్లు పెట్టి బరువు ఎత్తి, కుళ్లిన భాగం కోసేసి, పాత టేకు ముక్కనే ఏటవాలు అతుకుతో బోల్టులేసి కలపండి, లేదా రెండు పక్కలా ఇనుప పట్టాలు బిగించండి. గోడలో పెట్టేటప్పుడు చివర చుట్టూ అంగుళం గాలి ఖాళీ వదలాలి. సిమెంటుతో బిగదీస్తే పదేళ్లలో మళ్లీ అదే కథ. కప్పు ఎప్పుడూ మొత్తం విప్పొద్దు. ఆరేడు అడుగుల పట్టీ విప్పి, బాగుచేసి, మూసి, తర్వాతి పట్టీకి పోవాలి. పక్కన టార్పాలిన్ సిద్ధంగా ఉండాలి, మన దగ్గర ఏప్రిల్‌లో వడగళ్ల వాన చెప్పి రాదు.

గోడల పని కప్పు తర్వాత వచ్చే చలికాలంలో. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో సున్నపు పూత పూస్తే సాయంత్రానికి నెర్రెలిస్తుంది. దసరా నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. కాల్చిన సున్నపురాయిని నీళ్లు పోసి ఆర్పి, నీళ్ల కింద గుంటలో కనీసం మూడు వారాలు, కుదిరితే మూడు నెలలు నాననివ్వాలి. తొందరపడితే నీళ్లు పూర్తిగా తాగని గింజలు పూత లోపల ఉబ్బి, ఆరునెలల తర్వాత గోడ మీద బొబ్బల్లా పేలతాయి. కొలత ఒక పాలు సున్నం, ఒక పాలు మెత్తటి ఇటుక పొడి, రెండు పాళ్లు కడిగిన ఇసుక. ఇసుక మారితే కొలతా మారుతుంది, ముందు గజం మేర నమూనా పూసి నెలరోజులు చూడండి. ఒక్కో పూత అర అంగుళం దాటొద్దు. తడి గోనెలు వేలాడదీసి కనీసం వారం రోజులు ఎండ, గాలి తగలకుండా చూసుకోవాలి. బెల్లం నీళ్లు ఎక్కువైతే పట్టు ఆలస్యమవుతుంది, చీమలు పడతాయి.

గోడ లోపలి సంగతి కూడా గుర్తుంచుకోండి. బయట ఒక రాతి పొర, లోపల ఒక రాతి పొర, మధ్యలో మట్టి, ముక్కరాళ్లు. అందుకే పైపు కోసం, వైరు కోసం గాడి కొట్టొద్దంటున్నాను. గాడి కొట్టినప్పుడు రాయి కదిలి లోపలి మట్టి జారుతుంది. ఆరు నెలలకు గోడ కడుపు ఉబ్బుతుంది. వైర్లు గోడ మీదనే కనిపించేలా రాగి లేదా ఇత్తడి గొట్టాల్లో వేయండి, అది సిగ్గుపడే పనేం కాదు. పాత బంగ్లాల్లో వైర్లు చెక్క పట్టీల మీద అట్లాగే పోయేవి. ఎనిమిది గదులకు ఏసీలు, గీజర్లు కలిపితేనే 30 కిలోవాట్లు. త్రీఫేజు తీసుకుని, ప్రతి గదికీ లీకేజీని పట్టే బ్రేకరు పెట్టండి. ఏసీ నీళ్లు మరిచిపోతారు. వానాకాలంలో ఒక్కో ఏసీ గంటకు లీటరు, రెండు లీటర్లు వదులుతుంది. అది గోడ మీద కారితే ఒక్క సీజన్‌లో ఉప్పు పూస్తుంది.

ఇక అసలు గండం, స్నానాల గది. పెద్ద హోటళ్లకు తలకు రోజుకు 320 లీటర్లు లెక్కగట్టమంటుంది మన జాతీయ భవన నియమావళి. ఎనిమిది గదులు, పదహారు మంది అంటే 5,120 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే 340 బిందెలు. ఆ ఇల్లు పుట్టినప్పటి నుంచి మేడ మీదికి చెంబెడు నీళ్లు చూసింది, మీరు రోజుకు 340 బిందెలు ఎక్కిస్తున్నారు. చెరువుకు తూము పెట్టకుండా కట్ట పోసినట్టు.

ఉన్నంతలో స్నానాల గదులు కింది అంతస్తులో, వెనుక పాత జాలారి వైపు పెట్టండి. మేడ మీద తప్పదంటే ఇంటికి ఆనకుండా వెనుక ఇనుప చట్రంతో విడిగా కట్టి, రెండంగుళాల సందు వదిలి చిన్న వంతెనతో కలపండి. ఆ సందు మీద రేకు కప్పితే చాలు. గది లోపలే పెట్టాలంటే గోడలకు తగలకుండా, డబ్బాలాగా విడి చట్రం. దాని నేల గది నేలకంటే తొమ్మిదంగుళాలు ఎత్తు, ఎందుకంటే నాలుగంగుళాల మురుగు గొట్టానికి మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు కావాలి, నాలుగు మీటర్లు పోతే ఎనిమిది సెంటీమీటర్లు వాలుకే పోయింది. టైల్సు వేయకముందు నేల మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి 48 గంటలు వదలాలి, కింద నుంచి చూడాలి. ఈ ఒక్క పరీక్ష దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. గొట్టం ప్రతి మలుపు దగ్గరా తెరిచి చూసే మూత ఉండాలి.

బాత్‌టబ్ అడుగుతారు. నీళ్లు 200 కిలోలు, మనిషి 70, తొట్టి 40. ఆ 310 కిలోలూ చదరపు మీటరు పైచిలుకు జాగాలో. ఇంటి నేలకు ఇంజనీర్లు కట్టే లెక్క చదరపు మీటరుకు 200. పోత ఇనుప తొట్టి ముచ్చటైతే ఇంకో వంద కలపండి. కింది అంతస్తులో నేల మీదైతే మీ ఇష్టం. రెండువేల లీటర్ల ట్యాంకు కూడా పాత మిద్దె మీద పెట్టొద్దు, రెండు టన్నులది. వెనుక విడిగా స్టాండు కట్టండి, లేదా కింద సంపు, ప్రెషరు పంపు.

నీళ్లు పోయే దారి. చేదబావి అందంగా ఉందని పక్కనే ఇంకుడు గుంత తవ్వుతారు. తాగునీటి బావికి, మురుగు ఇంకే గుంతకు కనీసం 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్ల దూరం ఉండాలి. రోజుకు ఐదువేల లీటర్లంటే సెప్టిక్ ట్యాంకు పదివేల లీటర్లకు తగ్గకూడదు. స్నానం నీళ్లు, లాండ్రీ నీళ్లు వేరుచేసి తోటకు పంపితే ట్యాంకుకు ఊపిరాడుతుంది. బోరు నీళ్లు ఫ్లోరైడు కోసం పరీక్షించండి, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. పాత బావిలోంచి పెద్ద మోటారుతో ఒక్కసారి తోడొద్దు. నీళ్లు త్వరగా దిగితే వరుసరాళ్ల సందుల్లోంచి మట్టి కొట్టుకొచ్చి కట్టడం లోపలికి కూర్చుంటుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్తాను. గడి చాలాచోట్ల గ్రామకంఠంలో ఉంటుంది, పట్టాదారు పుస్తకంలో కనిపించదు. వారసులందరి సంతకాలతో రిజిస్టరు పంపకమో, రిజిస్టరు లీజో లేకుండా ఒక్క పెంక కొనొద్దు. పంచాయతీ అనుమతి, అగ్నిమాపక పత్రం, ఆహార భద్రత లైసెన్సు. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లో ఆ వివరాలు సర్కారుకు పంపాలి.

ప్రశ్నలుంటే అడగండి.

*సార్, సున్నంలో పిడికెడు సిమెంటు కలిపితే త్వరగా పట్టుకుంటది కదా?* (ఒక మేస్త్రీ)

అన్నా, పట్టుకుంటది, తర్వాత వదులుతది. తక్కువ సిమెంటు సున్నంతో కలిసి గట్టిపడే ముందే విడిపోయి రంధ్రాల్లో చేరుతుంది. సున్నానికుండే సాగే గుణం పోతుంది, సిమెంటుకుండే బలం రాదు. తొందరగా పట్టు కావాలంటే ఇటుక పొడి ఇంకొంచెం పెంచు. తక్కువ మంట మీద కాల్చిన ఇటుకదే కావాలి, మరీ ఎక్కువ కాలిన ఇటుక పొడి ఇసుకతో సమానం.

*గడి పేరు, దొరల కాలం వాతావరణం... అతిథులు అదే అడుగుతారు. ఎంతవరకు చూపించాలి?*

మంచి ప్రశ్న. ఫర్నిచరు చూపించండి, భోజనం పెట్టండి, దేవిడీ చూపించండి. పనివాళ్లకు తలపాగా చుట్టి చేతులు కట్టుకుని నిలబెట్టడం మాత్రం వద్దు. గదికి 'దొర సూట్' అని పేరు కూడా పెట్టొద్దు. ఆ పనివాళ్లు అదే ఊరివాళ్లు. వాళ్ల తాతలు ఆ వాకిట్లో చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచారు. అతిథుల ముందు బతుకమ్మ ఆడించడం కూడా వద్దు, గడి ముందు ఆడించుకున్న రోజులు ఊళ్లకు గుర్తున్నాయి. కచీరులో ఒక గోడ మీద ఇందాక చెప్పిన వెట్టి జాబితా రాయండి, ఏ పని ఎవరు చేశారో. విదేశీ యాత్రికుడు దాని ముందు నిలబడ్డంతసేపు రంగు అద్దాల ముందు నిలబడడు. ఒక వ్యాపారపు మాట కూడా చెప్తాను: పనివాళ్లను దిడ్డి దర్వాజలోంచి రమ్మంటే ఆ ఊళ్లో మంచి మనుషులు దొరకరు.

*లోపలి వాకిట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ పెట్టుకోవచ్చా?*

వద్దమ్మా. నాలుగు వైపుల ఇంటి కప్పుల మీది నీళ్లు దిగే చోటది, చుట్టూ పునాదులే. పూల్ ఏదో ఒకనాడు కారక తప్పదు, కారితే ముందు తెలిసేది గోడకే. పశువుల కొట్టం అవతల ఖాళీ జాగాలో పెట్టుకోండి, ఇంటికి యాభై అడుగులు ఎడంగా.

*మొత్తం ఎన్నాళ్లు పడుతుంది?*

ఒక వానాకాలం చూడటానికి, ఒక ఎండాకాలం కప్పుకు, మళ్లీ వానలో కప్పును పరీక్షించడానికి, తర్వాతి చలికాలం గోడలకు. నీళ్లు, కరెంటు వాటితో పాటే. రెండేళ్లు. ఏడాదిలో అప్పజెబుతానన్న కాంట్రాక్టరుకు టీ తాగించి పంపించండి.

ఇంకా ఉంటే బయట మాట్లాడుకుందాం. వేపచెట్టు కింద రెండు తొట్లున్నాయి. ఒకదాంట్లో మూడు రోజుల సున్నం, రెండోదాంట్లో మూడు నెలలది. రెండూ వేళ్ల మధ్య రుద్ది చూడండి. కళ్లకు తగలనివ్వకండి, పిల్లలు అద్దాలు పెట్టుకోండి. పక్కన బకెట్లో నీళ్లున్నాయి.